కర్పూరం ఆర్పని మనిషి

పుంగనూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగుతుందని చెప్పి కండక్టరు టీ తాగడానికి దిగిపోయాడు. సొలొమోను దిగలేదు. కుప్పంలో తెల్లారి ఐదున్నరకు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నవాడు ఆ సీటు విడవలేదు. ఇక్కడి నుంచి మదనపల్లెకు గంట. ఆ గంటలో ఒక మాటను నోటికి తెచ్చుకోవాలి. మాట పెద్దదేమీ కాదు. క్షమించినాను, అంతే. వి.కోటలో ఒకసారి, పలమనేరులో రెండుసార్లు పెదవుల మధ్య అని చూశాడు. నీళ్ళు లేకుండా మింగిన మాత్రలాగా అది గొంతులో అడ్డం పడింది, కిందికీ పోలేదు, పైకీ రాలేదు. నిన్న సాయంత్రం భార్య కృపావతి ఫోన్ చేసింది. ఆమె పది రోజులుగా మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో తమ్ముడు ప్రకాష్ బాబు మంచం దగ్గరే ఉంది. ప్రకాష్‌కు రెండు కిడ్నీలూ పోయాయి, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. "వాడు అంతా సెప్పేసినాడు, పాస్టరయ్య ముందర" అనింది. "ఆ పొద్దు బండి తోలింది వాడే. బయ్యమ్మను గుద్దింది వాడే. సచ్చే లోపల ప్రభు బోజనం సంస్కారం ఇయ్యమని అడుగుతాండాడు. పాస్టరయ్యేమో, ముందు మీ బావతో సమాధానపడు, ఆ మీదటే రొట్టె, గిన్నె అన్నాడు. మీరొచ్చి ఒక్క మాట అంటే సాలు. డాక్టర్లు రెండు దినాలు అంటాండారు." సొలొమోను వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి స్టవ్ వెలిగించి టీ పెట్టుకున్నాడు. ఆ టీ పొంగేదాకా, వడకట్టి తాగేదాకా అతనికి సంతోషంగా ఉండింది. పంతొమ్మిదేళ్ళలో అంత సంతోషం ఎరగడు. దేవుడు చూశాడు, మరిచిపోలేదు, అనుకున్నాడు. గ్లాసు కడిగేటప్పుడు భయం పట్టుకుంది. ఒకడు చావుబతుకుల్లో ఉన్నాడని విని ఇంకో చెంచా చక్కెర వేసుకొని టీ తాగినవాడిని కూడా దేవుడు చూసే ఉంటాడు.

భయం అతనికి పాతదే. ఏడేళ్ళప్పుడు మిషన్ కాంపౌండులో జామకాయ కోశాడు. వాళ్ళ నాయన ఆ ఆస్పత్రి వంటింట్లో పని చేసేవాడు. నాయన కొట్టలేదు. చెయ్యి పట్టుకొని డాక్టరమ్మ ఇంటికి నడిపించుకొని పోయి, కొరికిన కాయను ఆమె చేతిలో పెట్టించి, "సెప్పురా" అన్నాడు. చెప్పాడు. డాక్టరమ్మ నవ్వి లోపలికి పోయి రెండు జామపండ్లు తెచ్చి ఇచ్చింది. దారిలో నాయన అన్నాడు: "సూసినావా, దేవునికి బయపడితే ఇట్టుంటాది." ఆ రెండు పండ్ల మీద సొలొమోను యాభై ఏళ్ళు బతికాడు. భయపడాలి, నిజం చెప్పాలి, చెప్పి గడప ముందర నిలబడితే లోపలి నుంచి ఎవరో నవ్వుతూ వస్తారు. బయ్యమ్మ సంగతిలోనూ అతను భయపడ్డాడు, నిజమే చెప్పాడు, నిలబడ్డాడు. లోపలి నుంచి ఎవరూ రాలేదు. ఇప్పుడు వస్తున్నది పిలుపు, అదీ తనను లోపలికి పిలవడానికి కాదు, తన పక్కనుంచి ప్రకాష్‌ను లోపలికి పంపడానికి.

ఒకామె ఎక్కి అతని పక్కన కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో వైరు బుట్ట. కండక్టరు వచ్చి బెల్లు కొట్టాడు, బస్సు కదిలింది. ఆమె ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. "ఊరికే పోతాండారు, సిల్లర గొడవ లేదు, హాయి" అన్నాడు కండక్టరు. "నీ ఇంట్లో ఆడోళ్ళు నడిసి పోతాండారా ఏంది" అనింది ఆమె. వెనక సీట్లో ఎవరో నవ్వారు. బుట్టలో నుంచి వాసన వచ్చింది. నిమ్మకాయ, కుంకుమ, వాటి మీదుగా కర్పూరం. సొలొమోను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తిప్పుకుంటే కిటికీలో చౌడేపల్లె రోడ్డు చీలే చోటు. ఆటోలు అడ్డం పడి డ్రైవరు హారను కొడుతున్నాడు. ఆ రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు పోతే అతను పదకొండేళ్ళు పాఠాలు చెప్పిన ఊరు. ఇటు కర్పూరం, అటు రోడ్డు. కండ్లు మూసుకున్నాడు. మూసుకుంటే వాకిలి కనబడింది, వాకిట్లో తన మోటారు బండి.

రెండువేల ఆరు, మట్టల ఆదివారం. ఆ సాయంత్రం అతను బడి వెనక బండ మీద ఒంటరిగా ప్రార్థన చేసుకుంటున్నాడు. ప్రతి ఆదివారం అంతే. నలుగురికీ కనబడేటట్టు కాదు, తలుపు వేసుకొని రహస్యంగా చేసుకోమని ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు, అందుకని ఎక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పేవాడు కాదు. దీపాలు పెట్టాక ఇల్లు చేరాడు. బండి ఎప్పుడూ నిలబెట్టే చోటే ఉంది. ముందులైటు గాజు పగిలి ఉంది. కృపావతి వాకిలి ఊడుస్తోంది. స్టాండు జారి బండి పడిందని చెప్పింది. మర్నాడు పొద్దున ఊరు ఊరంతా వచ్చింది. బయ్యమ్మ, వెంకటేశులు తల్లి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వస్తుంటే మలుపులో బండి గుద్దింది. గుద్దినవాడు ఆపలేదు. రెండు గంటలు ఆమె కాలువ గట్టున పడి ఉంది. ఆసుపత్రికి పోయే దారిలో ప్రాణం పోయింది. పశువులు తోలుకొని వస్తున్న ఒకామె బండిని వెనక నుంచి చూసింది, మనిషిని చూడలేదు. మడ్‌గార్డు మీద తెల్లటి అక్షరాలు చూసింది. దేవుడే నా దిక్కు. ఆ చుట్టుపక్కల ఆ మాట రాసిన బండి ఒక్కటే. దాని తాళం చెవులు రెండు, ఒకటి సొలొమోను దగ్గర, ఒకటి అతని ఇంట్లోనే ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్న ప్రకాష్ దగ్గర. సొలొమోను నేను బండి ముట్టలేదన్నాడు. యాడుండావన్నారు. బండ మీద ప్రార్థనలో ఉన్నానన్నాడు. సూసినోళ్ళెవరన్నారు. దేవుడు అన్నాడు. గుంపులో ఒకరు నవ్వారు. నవ్వినవాడి తప్పేమీ లేదు. తను కూడా బడిలో పిల్లవాడు అట్లా చెబితే నవ్వేవాడే. ప్రకాష్ పుంగనూరులో స్నేహితుని గదిలో ఉన్నానన్నాడు. అవును, వాడు పొద్దున్నే పోయి రాత్రి ఎనిమిది గంటల బస్సుకు వచ్చినాడు అని కృపావతి చెప్పింది. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు తల్లి పోతే రెండేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది. అక్క మాట ఊరు నమ్మింది. సొలొమోను కూడా నమ్మాడు. అంటే, నమ్మే పని చేశాడు. ఆ రోజు నుంచీ ఆ సంగతిని రెండు ముక్కలు చేసుకున్నాడు. బండి తోలింది ప్రకాషే అన్నది ఒక ముక్క, దాన్ని రోజూ తీసి తిప్పి చూసుకునేవాడు. కృపావతికి తెలుసా అన్నది రెండో ముక్క. దాని జోలికి పోలేదు. వాడు ఆమె కండ్లు కప్పి బండి తెచ్చి పెట్టి ఉంటాడని సర్దుకున్నాడు. పంతొమ్మిదేళ్ళు ఆమె చేతి కూడు తిన్నాడు, ఒక మంచం మీద పడుకున్నాడు, సాయంకాలం ఇద్దరూ మోకాళ్ళూని ఒకే ప్రార్థన చేశారు. ప్రార్థనలో ఎవరు ఏం దాచుకుంటున్నారో పక్కవాళ్ళకు తెలియదు, కండ్లు మూసుకొని ఉంటారు కాబట్టి.

బస్సు ఎక్కడో ఆగి ఇద్దరు రైతులను ఎక్కించుకుంది. టమోటా మాటలు. బాక్సు రేటు చెప్పుకుంటూ వెనక్కి పోయారు. సొలొమోను ఆ మాటల కోసం చెవి పెట్టాడు, చెవి నిలవలేదు. వెంకటేశులు పోలీసు కేసు వద్దన్నాడు. ఎవరో తెలిస్తే చాలన్నాడు. తెలుసుకోవడానికి ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కొండ మీద గంగమ్మ ముందర తమలపాకులో కర్పూరం వెలిగిస్తారు. అనుమానం ఉన్నవాడు తానం చేసి తడిబట్టలతో నిలబడి, ఈ పాపం నేనెరగను అని అరచేత్తో ఆ మంట ఆర్పాలి. అబద్ధానికి ఆర్పితే మూడు మంగళవారాల్లో అమ్మ వాడికి కీడు చేసి చూపిస్తుంది. ఇద్దరూ రమ్మన్నారు. సొలొమోను రానన్నాడు. ఆకాశం తోడు అనొద్దు, భూమి తోడు అనొద్దు, అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి ఏది పలికినా అది సాతాను నోరే అని ప్రభువు ఆ ప్రసంగంలోనే చెప్పాడు. సొలొమోను ఆ మాటే ఊరికి చెప్పాడు. నేను బండి తీయలేదంటే తీయలేదు, ఒట్టు పెట్టను. పెద్దలు లేచి చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయారు. ప్రకాష్ బావి దగ్గర నాలుగు చేదలు పోసుకొని, తడిబట్టలతో కొండ ఎక్కి, ఆర్పి వచ్చాడు. మూడు మంగళవారాలు గడిచాయి. ప్రకాష్‌కు జలుబు కూడా చేయలేదు. నాలుగో మంగళవారానికి బడిలో యాభై రెండు మంది పిల్లల్లో ఆరుగురు మిగిలారు. మేనేజిమెంటు వాళ్ళు సొలొమోనును కుప్పం వైపు హాస్టలు వార్డెనుగా పంపారు. చాక్‌పీసు పట్టిన చేతికి బియ్యం కొలిచే డబ్బా ఇచ్చారు.

చర్చి సంఘం ఊరుకుంటుందా. గుడి మెట్లెక్కాడని ప్రకాష్‌ను ప్రభువు బల్లకు దూరం పెట్టారు. ఆరు నెలలు రొట్టె లేదు, గిన్నె లేదు అన్నారు. మూడో నెలలో వాడు ఆరాధన మధ్యలో లేచి ముందుకు వచ్చి నేల మీద పడి ఏడ్చాడు. తప్పు చేసినాను, అన్యదేవత ముందర నిలబడినాను, దేవా కనికరించు అన్నాడు. సంఘం అంతా ఏడ్చింది. ముసలివాళ్ళు వాడి తల మీద చేతులు పెట్టారు. ఆ ఆదివారమే గిన్నె ఇచ్చారు. కొండ ఎక్కినందుకు క్షమాపణ దొరికింది. కొండ మీద ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు. ఆ పూట కుప్పం నుంచి వచ్చి మూడో వరసలో కూర్చున్న సొలొమోను తన గిన్నె తాను తాగి, పక్కవాడికి పళ్ళెం అందించాడు. అక్కడి పాస్టరు ప్రసంగంలో ఒట్టుకు పోని సొలొమోనును సాక్షిగా చూపించాడు, బయటికొచ్చాక చెట్టు కింద ఆడవాళ్ళు, కొండకు పోతే బయటపడతాదని పోలేదేమోలే అనుకున్నారు. నిన్న ఫోన్లో అడిగాడు కృపావతిని, అమ్మ ముందర అబద్ధానికి కర్పూరం ఎట్ట ఆర్పినాడని. "అది మన దేవుడు కాదు కదక్కా, ఏమైతాదని ఆర్పినా అన్నాడు" అనింది. సొలొమోను రాత్రంతా ఈ జవాబు చుట్టూ తిరిగాడు. వాడు ఇద్దరి మధ్య సందులో నుంచి నడిచిపోయాడు. గంగమ్మకు భయపడలేదు, ఆమె తనకు దేవుడు కాదు గనక. క్రీస్తుకు భయపడలేదు, ఆ కొండ మీద ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు గనక. ఒట్టు పెట్టనివాడు దొంగ, పెట్టినవాడు దొర. ప్రకాష్‌కు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఫ్లారెన్స్ అనే మంచి పిల్ల వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, మదనపల్లె చర్చిలో పాటల గుంపుకు వాడే ముందు నిలబడేవాడు. గొంతు బాగుంటుంది. పోయిన క్రిస్మసుకు వాడు కండ్లు మూసుకొని పాడుతుంటే సొలొమోను వెనక వరసలో కూర్చొని, ఇప్పుడు, ఇప్పుడు, ఈ చరణంలో, అని దేవునికి సైగ చేశాడు. చరణం అయిపోయింది. జనం ఆమెన్ అన్నారు.

మూడు మాటలు, మూడూ ప్రభువు ఆ ప్రసంగంలో చెప్పినవే. రహస్యంగా ప్రార్థన చెయ్యి అన్నాడు, చేశాడు, సాక్షి లేకుండా పోయాడు. ఒట్టు పెట్టొద్దు అన్నాడు, పెట్టలేదు, పరువు పోయింది. మూడోది ఇది. నువ్వు మనుషులను క్షమించకపోతే నీ తండ్రి నిన్ను క్షమించడు. దీన్ని ఎట్లా తప్పించుకోవడం. క్షమించనంటే తాను నరకానికి. క్షమించినానంటే వాడు పరలోకానికి. ఏ వైపు పోయినా గెలిచేది వాడే. సిలువ మీద దొంగకు ఒక్క మాటతో తలుపు తీసినాయనకు ప్రకాష్ ఏ మూలకు. దొంగ ఎవరిని దోచాడో వాళ్ళ పేర్లు అక్కడ ఎవరూ చదవలేదు. దోపిడీకి గురైన మనిషి ఆ రోజు ఆ గుంపులోనే ఉంటే, తన సొమ్ము తిన్నవాడు తన కండ్ల ముందరే పరలోకానికి పోతుంటే, ఎక్కడ నిలబడి ఉంటాడు, ఎవరికి చెప్పుకొని ఉంటాడు. సొలొమోనుకు దేవుడు లేడని ఎప్పుడూ అనిపించలేదు. లేడనుకునేవాళ్ళకు సులువు. ఉన్నాడు, చూశాడు, చూసి నోరు మూసుకున్నాడు. ఊరిలో పశువులు తోలే ఆడమనిషి మడ్‌గార్డు మీద అక్షరాలు చూసి వచ్చి చెప్పింది. ఆ అక్షరాలు ఎవరి గురించి రాసి ఉన్నాయో ఆయన మాత్రం వచ్చి చెప్పలేదు. ఇప్పుడేమో ఫోన్ చేయించి, రా, వచ్చి వాడిని విడిపించు అంటున్నాడు. ఈ ఆలోచన ఇంత దూరం వచ్చేసరికి అతనికి చెమట పట్టింది. ఇట్లాంటి మాటలు దేవునితో అనకూడదు. అనలేదు, అనుకున్నాడంతే. అనుకున్నది ఆయనకు వినబడదా.

"మీరు అయివారు కదా?"

పక్కన కూర్చున్న ఆమె. అతని ముఖంలోకి చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో. "మా ఊరి బడిలో ఉండినారు. ఒట్టుకు రాని అయివారు."

అప్పుడు గుర్తుపట్టాడు. మునీశ్వరి, వెంకటేశులు పెండ్లాం, బయ్యమ్మ కోడలు. జుట్టు నెరిసింది గాని గొంతు అదే. ఆ పొద్దు గుంపు ముందర నిలబడిన గొంతు. అవునన్నాడు.

"కుప్పం సైడు పోతిరంటనే. బాగుండారా?" అనింది. అతను ఏదో అనేలోపలే, "కూతురికి కాన్పు. మదనపల్లె పెద్దాస్పత్రిలో. కొండకు పోయి కుంకుమ తెస్తాండా" అని బుట్ట తట్టింది. బస్సు ఒక చెరువు కట్ట దాటింది. ఆమెకు ఊరుకోవడం చేత కాలేదు. "అయినా అడుగుతా, తప్పనుకోవద్దు. ఒట్టు వద్దని మీ దేవుడన్నాడు, సరేప్పా. మరి గుద్దినోడు ఆగకుండా పొమ్మని కూడా ఆయనే అన్నాడా?"

ముందు సీటులో ఒకాయన తల తిప్పి చూశాడు. సొలొమోను కమ్మీ పట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఈ మాటకు జవాబు తయారు చేసుకున్నాడు. హాస్టల్లో బియ్యం కొలుస్తూ, బోర్డు మీద మెనూ రాస్తూ, స్నానం చేస్తూ. ఎన్ని రకాలుగానో. వెంకటేశులు ఎదురైతే, పెద్దలు ఎదురైతే. నేను కాదు, నా బామ్మర్ది. ఇప్పుడు సాక్ష్యం కూడా ఉంది, పాస్టరు ముందర ఒప్పుకున్నాడు. నోరు తెరవడమే. తెరిచాడు. "నేను గుద్దలేదమ్మా" అన్నాడు.

"అప్పుడూ అదే సెప్తిరి" అనింది మునీశ్వరి. కోపం లేదు గొంతులో. కోపం ఎప్పుడో అయిపోయినట్టుంది. "మీ బామ్మర్దికేమీ కాలేదు కదా, అంటే ఆయప్ప సెప్పింది నిజం. అమ్మ పొరబడదు. ఇంక మిగిలింది మీరే. మాకు కేసు వద్దంటిమి, దుడ్డు వద్దంటిమి. ఎవరో సెప్పమంటిమి, అంతే. మా అత్త ఆసుపత్రికి పోతా పోతా ఒకే మాట అడిగింది, ఎవురే నన్ను గుద్దింది, సిన్నోడా పెద్దోడా, వానికి దెబ్బలు తగిల్నాయా అని. నా తొడ మీద తల పెట్టుకొని. నాకు తెలీదత్తా అంటి. ఇప్పటికీ ఏడాదికోసారి కూడు పెట్టేటప్పుడు మా ఆయప్ప ఆ మాటే తలుసుకుంటాడు. సెప్పేదానికి మాకేమీ తెలీదు."

వానికి దెబ్బలు తగిలాయా. సొలొమోను ఆ మాట విన్నాడు, తరువాతి మాటలు వినలేదు. బయట బండల కొండలు పోతున్నాయి, మామిడితోటలు పోతున్నాయి. బయ్యమ్మ. ఆమె ముఖం గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు. గడ్డిమోపు వచ్చింది, ముఖం రాలేదు. పదకొండేళ్ళు అదే వీధిలో నడిచాడు. పంతొమ్మిదేళ్ళుగా రోజూ ఆ సాయంత్రానికి పోయి వస్తున్నాడు. వెళ్ళిన ప్రతిసారీ వాకిట్లోకి, బండి దగ్గరికి, గుంపు ముందరికి, తన పరువు దగ్గరికి పోయాడు. కాలువ గట్టుకు ఒక్కసారీ పోలేదు. అక్కడ ఒక మనిషి రెండు గంటలు పడి ఉంది, చస్తూ తనను గుద్దినవాడి దెబ్బల గురించి అడిగింది. పాస్టరు సమాధానపడమన్నప్పుడు ఒక పేరే చెప్పాడు, బావ పేరు. ప్రకాష్ ఆ ఒక్క పేరుకే ఒప్పుకున్నాడు. కృపావతి ఫోన్లో ఒక మాట చాలనింది. వాళ్ళు బయ్యమ్మను మరిచిపోయారంటే సరే. తనూ రాత్రంతా కూర్చొని తన మాట ఒక్కటే చాలనుకున్నాడు, ఇవ్వాలా వద్దా అని తూచుకున్నాడు, ఆ తలుపు తాళం తన ఒక్కడి దగ్గరే ఉన్నట్టు. బస్సు అదిరింది. బుట్టలో కర్పూరం వాసన మళ్ళీ లేచింది.

అప్పుడు, అడగకుండానే, రెండో ముక్క వచ్చింది. పంతొమ్మిదేళ్ళు జోలికి పోనిది. దీపాలు పెట్టిన తరువాత కృపావతి వాకిలి ఊడుస్తోంది. ఆమె ఎప్పుడూ దీపాలు పెట్టాక చీపురు పట్టదు. వాళ్ళమ్మ నేర్పింది, ఏ గుడికి పోయినా ఇది మాత్రం పోలేదు. లైటు గాజు ముక్కలు మలుపులో దొరికాయి, మర్నాడు పెద్దలు గుడ్డలో మూటగట్టి తెచ్చి చూపించారు. గాజు అక్కడ పగిలి ఉంటే వాకిట్లో ఊడవడానికి ఏముంది. ఆమె మట్టిని ఊడుస్తోంది. బండి చక్రానికి అంటిన కాలువ బురదను, గడ్డిపరకలను. సొలొమోను ఇవన్నీ ఆ పూటే చూశాడు. చూసి కాళ్ళు కడుక్కొని లోపలికి పోయాడు. అడగలేదు. అడిగితే ఆమె అవునో కాదో చెప్పాల్సి వస్తుంది, తరువాత ఆ ఇంట్లో ఎట్లా ఉండడం. దేవుడు చెబుతాడులే అనుకున్నాడు. చూసి నోరు మూసుకున్నవాడు ఒక్క దేవుడేనా.

మదనపల్లె బస్టాండులో కృపావతి ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఉంది. చేతిలో క్యారియర్. ఆస్పత్రి క్యాంటీన్‌లో ఇడ్లీ పెట్టించి తెచ్చింది, అతను ఏమీ తినకుండా వస్తాడని తెలుసు. సొలొమోను దిగాడు. వెనక మునీశ్వరి బుట్టతో దిగుతోంది.

"తొందరగా పదండి" అనింది కృపావతి. "పాస్టరయ్య ఆడే ఉండాడు, గిన్నె సిద్ధం చేసి. వాడు తలుపుకల్లే సూస్తాండాడు."

"ఆ పొద్దు బండి స్టాండు జారి పడిందా?" అన్నాడు సొలొమోను.

ఆమె అతని ముఖంలోకి చూసింది. బస్సు ఒకటి వెనక్కి వస్తూ హారను కొట్టింది. జనం పక్కకు జరిగారు. వాళ్ళిద్దరూ జరగలేదు.

"లేదు" అనింది.

ఆమె క్యారియర్ ఒక చేతిలో నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "మీకు తెలుసనుకున్న్యా" అనింది. "ఆ పొద్దే తెలుసనుకున్న్యా. సూసినారు కదా నన్ను. తెలిసి కూడా నా తమ్ముడని ఊరకుండారనుకున్న్యా. పంతొమ్మిదేండ్లు మిమ్మల్ని సూసే నేను దేవుణ్ణి నమ్ముకుంటి."

సొలొమోను ఏడవలేదు. ఆమెను తిట్టాలనుకున్నాడు. తన మౌనానికి ఆమె పెట్టుకున్న పేరు అది. కనికరం. దాని మీద ఆమె కాపురం చేసింది, జామపండ్ల మీద తాను చేసినట్టు. వెనక మునీశ్వరి కృపావతిని గుర్తుపట్టి ఆగింది. "ఏమ్మా, మీరూ ఈడే ఉండారా?" అంటోంది. ఎవరికి బాగలేదని అడుగుతోంది. లోపల, ఆస్పత్రిలో, రొట్టె ముక్క మీద గుడ్డ కప్పి పాస్టరు కూర్చొని ఉంటాడు. ప్రకాష్ తలుపు వైపు చూస్తూ ఉంటాడు. రెండు రోజులు అన్నారు, రెండు గంటలే కావచ్చు. బావా క్షమించినావా అని అడిగితే అవుననలేడు. కాదనే ధైర్యమూ లేదు. కానీ ఆ మాట అడగాల్సినవాళ్ళలో తాను మొదటివాడు కాదు.

"మునీశ్వరమ్మా" అన్నాడు. "నీ కూతురి దగ్గరికి పోయే ముందర ఒక గంట మాతో వస్తావా? మిషన్ ఆస్పత్రికి."

"యాలప్పా? ఎవురుండారాడ?"

సొలొమోను కృపావతి వైపు తిరిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, ఒకసారి, రెండుసార్లు. "వద్దు" అనింది, గొంతు తగ్గించి. "వాడు సావనీ. ఈమె ముందర వద్దు. మీరు ఒక్క మాట అంటే సాలు కదా." అతను కదల్లేదు. ఎండ ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. మునీశ్వరి ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తోంది.

"నేను అప్పుడే సెప్పినా" అన్నాడు సొలొమోను. "నమ్మలేదు. గుద్దినోనికి దెబ్బలు తగిల్నాయా అని బయ్యమ్మ పోయేటప్పుడు అడిగిందంట. ఇప్పుడు సెప్పాల్సింది నువ్వు."

కృపావతి క్యారియర్ కింద పెట్టింది. పెట్టి, ఆ చేతిని పైట కొంగుకు తుడుచుకుంది. తడిబట్టలు కావు అవి, ముందర కర్పూరమూ లేదు. ఆమె మునీశ్వరి కండ్లలోకి చూసి, "మీ అత్తను గుద్దినోడికి దెబ్బలు తగిలినాయి" అనింది. "మోకాలికి. నేనే కడిగి కట్టు కట్టినా."